తీసేసి చూస్తే తెలుస్తుందా?

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. పాత కోడ్‌లో ఏదో ఒక ముక్క కనిపిస్తుంది. ఎందుకుందో తెలీదు. రాసినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటాడు, పక్కన వివరణ ఒక్క లైను కూడా ఉండదు. అప్పుడేం చేస్తామంటే, దాన్ని తీసేసి టెస్టులు నడుపుతాం. ఏదైనా విరిగిందా, అది కావలసిన ముక్క. ఏమీ విరగలేదా, అక్కర్లేని ముక్క. పదమూడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, అక్కర్లేనిది తీసేసిన రోజు కలిగే హాయి కొత్తది రాసిన రోజు కూడా కలగదు. అటక సర్దుకున్నట్టుంటుంది.

తర్కశాస్త్రంతో కాస్త పరిచయం ఉన్నవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు. అన్వయ వ్యతిరేకాలంటారే, అందులో రెండోది. ఇది ఉన్నచోట అది ఉంది అనడం అన్వయం. ఇది లేనిచోట అది లేదు అనడం వ్యతిరేకం. ఒక వస్తువు దేనికి పనికొస్తుందో తేల్చడానికి దాన్ని లేకుండా చేసి చూడటం కన్నా సూటి దారి ఇంకోటి ఉందని నేననుకోను. పిల్లలు కూడా బొమ్మలో బ్యాటరీ పీకి అలాగే నేర్చుకుంటారు.

రెండేళ్ళ క్రితం ఈ పరీక్షని మనుషుల మీద చెయ్యాల్సి వచ్చింది.

ఒక మంగళవారం సాయంత్రం మెయిల్లో ఎక్సెల్ షీట్ వచ్చింది. మా టీమ్‌లో పదకొండు మంది పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక గడి. గడి పైన ప్రశ్న: ఈ వ్యక్తి రేపట్నుంచి లేకపోతే ఏం ఆగుతుంది? పదకొండులో రెండు పేర్లు నేను తేల్చాలి. శుక్రవారం లోపల.

నేనిచ్చిన రెండు పేర్లలో ఒకాయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పేరెందుకు, పెద్దాయన అంటాను. అప్పటికే ఆయన కోడ్ రాయడం బాగా తగ్గిపోయింది. మధ్యాహ్నం పూట ఎవరో ఒక కొత్త కుర్రాడి సీటు దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చునేవారు. మీటింగు అయిపోయి మేమంతా ల్యాప్‌టాప్‌లు మూస్తుంటే చివర్లో ఒక ప్రశ్న వేసేవారు, "మరి ఇదే రిక్వెస్టు రెండుసార్లు వస్తే?" అని. విసుగొచ్చేది. టికెట్ల లెక్క తీస్తే ఆయన పేరు మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆయన గడిలో "ఏమీ ఆగదు" అని రాశాను.

అబద్ధం రాయలేదు. ఆయన వెళ్ళిపోయారు, నిజంగానే ఏమీ ఆగలేదు. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి, రిలీజులన్నీ టైముకే వెళ్ళాయి. చెడ్డ పని చేశానన్న బాధ ఉండేది కానీ, తప్పు రాశానన్న అనుమానం మాత్రం ఉండేది కాదు. ఆ అనుమానం తెచ్చిపెట్టినవి ప్రోటీన్లు. అదెలాగో చెప్పాలంటే కొంచెం చుట్టూ తిరిగి రావాలి.

*

మా చెల్లెలు కణజీవశాస్త్రంలో పరిశోధన చేస్తుంది. ఆ ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మేడ మీద కూర్చుని ఈ కథంతా దానికి చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. "అన్నయ్యా, నువ్వు చేసిన పరీక్ష మావాళ్ళు ముప్పై ఏళ్ళ క్రితమే చేసి బోల్తా పడ్డారు" అంది.

కణం అనగానే నాకు గుర్తొచ్చేది స్కూల్లో రంగు పెన్సిళ్ళతో వేసిన బొమ్మ. గుండ్రటి సంచి, మధ్యలో కేంద్రకం, చుట్టూ పులుసులో ముక్కల్లాగా తేలుతున్న మైటోకాండ్రియాలు వగైరా. ఆ బొమ్మలో మేం వెయ్యనిది అస్థిపంజరం. కణం లోపల సన్నటి పోగుల వల ఒకటుంటుంది, దాని వల్లే కణానికి ఆకారం. ఆ పోగులు మూడు రకాలు. యాక్టిన్ పోగులు అన్నిటికన్నా సన్నం, సుమారు 7 నానోమీటర్లు. కణం కదలడానికీ, పాకడానికీ, కండరం ముడుచుకోవడానికీ ఇవి కావాలి. మైక్రోట్యూబ్యూల్స్ లావు, సుమారు 25 నానోమీటర్లు. ఇవి రైలు పట్టాల్లాంటివి, వీటి మీద మోటార్ ప్రోటీన్లు సరుకు మోసుకుంటూ నడుస్తాయి. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములని చెరో వైపుకీ లాగేది కూడా ఇవే. ఈ రెండింటి మధ్యలో 10 నానోమీటర్ల మందంతో మూడో రకం ఉంది. వాటి పేరు ఇంటర్మీడియట్ ఫిలమెంట్లు.

పేరు చూడండి. 1968లో హోవర్డ్ హోల్ట్జర్ బృందం ఎదుగుతున్న కండర కణాలని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తూ, సన్నటి యాక్టిన్ పోగులూ కాని, లావాటి మయోసిన్ పోగులూ కాని మధ్యరకం పోగుల గురించి రాసింది. ఆ పేరే నిలిచిపోయింది. పనిని బట్టి వచ్చిన పేరు కాదది, సైజుని బట్టి వచ్చింది. మన ఇంటర్మీడియట్ లాగే. టెన్త్‌కీ ఇంజనీరింగ్‌కీ మధ్యలో ఉండే రెండేళ్ళు అని తప్ప దానికి సొంత గౌరవం ఎవరిచ్చారు గనక!

వీటి స్వభావం కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. యాక్టిన్‌కీ మైక్రోట్యూబ్యూల్‌కీ ఒక దిశ ఉంటుంది, ఈ కొస వేరు, ఆ కొస వేరు. అందుకే మోటార్లు వాటి మీద ఎటు నడవాలో తెలుసుకుంటాయి. ఇంటర్మీడియట్ పోగుల్లో అణువులు ఒకటి అటు తల, ఒకటి ఇటు తల పెట్టుకుని జతకడతాయి. అందువల్ల పోగుకి తలా తోకా ఉండవు. వీటి మీద నడిచే మోటారు ఏదీ ఇప్పటిదాకా కనబడలేదు. కట్టుకోవడానికి ఏటీపీ, జీటీపీ లాంటి ఇంధనం కూడా అక్కర్లేదు, తమంతట తామే పేనుకుంటాయి. మా భాషలో చెప్పాలంటే టికెట్ల లెక్కలో వీటి పేరు మీద ఏమీ ఉండదు.

మరి వీటికున్నదేమిటి? లాగితే సాగుతాయి. ఒక్కో పోగుని దాని పొడవుకి రెండింతల దాకా, అంతకు మించి కూడా తెగకుండా సాగదీయొచ్చు. 1991లో పాల్ జాన్మీ బృందం మూడు రకాల పోగులతోనూ వేర్వేరుగా వలలు తయారుచేసి, వాటిని మెలితిప్పి చూసింది. కాస్త లాగినప్పుడు గట్టిగా నిలబడింది యాక్టిన్ వల. అప్పుడు మెత్తగా, చేవ లేనట్టు కనిపించింది వైమెంటిన్ అనే ఇంటర్మీడియట్ పోగుల వల. ఇంకా గట్టిగా లాగేసరికి యాక్టిన్ వల తెగింది, మైక్రోట్యూబ్యూల్ వల నిలవలేక జారిపోయింది. వైమెంటిన్ వల మాత్రం లాగేకొద్దీ బిగుసుకుంది.

ఇది విన్నప్పుడు నాకు తాతయ్య గుర్తొచ్చారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు సముద్రానికి దగ్గర. దసరా వెళ్ళగానే తాతయ్య పశువుల పాక ఎక్కి పాత కట్లన్నీ విప్పించి, కొత్త కొబ్బరి తాళ్ళతో మళ్ళీ కట్టించేవారు. గుంజలు గట్టిగానే ఉండేవి, వాసాలూ బాగానే ఉండేవి. బరువు మోసేవి అవే. తాడు ఏ బరువూ మొయ్యదు. నాలుగు కట్లు కోసేసినా ఆ పూట పాక కూలిపోదు, ఆ వారం కూడా కూలిపోదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ ఊళ్ళో గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మాత్రమే ఆ తాళ్ళకి డబ్బు ఖర్చుపెడతారు.

*

ఇక బోల్తా పడిన కథ.

మనిషిలో ఇంటర్మీడియట్ పోగులకి సంబంధించిన జన్యువులు సుమారు 70. వీటిలో ఎక్కువ భాగం కెరాటిన్లవి. ఒక్కో కణజాలానికి ఒక్కో రకం ఉంటుంది. చర్మానికీ, జుట్టుకీ, గోళ్ళకీ కెరాటిన్లు. కండరానికి డెస్మిన్. మెదడులోని ఆస్ట్రోసైట్ కణాలకి జీఎఫ్ఏపీ. నరాలకి న్యూరోఫిలమెంట్లు. కేంద్రకం పొరకి లోపలి వైపు లామిన్లు. సంధాన కణజాలంలోనూ, రక్తనాళాలలోనూ, పిండం ఎదిగే తొలి రోజుల్లోనూ కనబడేది వైమెంటిన్. వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలోనూ ఇది పెద్దగా మార్పు లేకుండా ఉంది. అన్ని కోట్ల ఏళ్ళు పరిణామం దాన్ని చెక్కుచెదరకుండా ఉంచిందంటే చాలా ముఖ్యమైనదై ఉండాలి. తీసేస్తే ఎలుక బతకదనుకోవడం సహజం.

1994లో పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో షార్ల్ బాబినే బృందం తీసేసింది. వైమెంటిన్ జన్యువు పనిచెయ్యని ఎలుకలని పుట్టించింది. అవి పుట్టాయి, పెరిగాయి, పిల్లల్ని కన్నాయి. చూడటానికి మామూలు ఎలుకలకీ వాటికీ తేడా లేదు. 'సెల్' పత్రికలో వచ్చిన ఆ పేపరు శీర్షికే ఆ సంగతి చెప్తుంది. అంటే టెస్టులన్నీ పాసయ్యాయి. నా గడిలో రాసిన రెండు మాటలు ఆ ఎలుకల పంజరం మీద రాసినా సరిపోయేవి.

మూడేళ్ళ తరవాత, 1997లో, ఫాబియోలా టెర్జీ, ఆమె సహచరులు ఇంకో రకం పరీక్ష చేశారు. వైమెంటిన్ ఉన్న ఎలుకలకీ, లేని ఎలుకలకీ మూత్రపిండాల్లో మూడొంతుల భాగం ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిన ఆ పావు వంతే మొత్తం పని చెయ్యాలి. మామూలు ఎలుకలు తట్టుకున్నాయి. వైమెంటిన్ లేనివి అన్నీ 72 గంటల్లోపల చచ్చిపోయాయి, ఒక్కటి మిగల్లేదు. కారణం వెతికితే, రక్తనాళాలని ముడుచుకోమనే సంకేతాలకీ సడలమనే సంకేతాలకీ మధ్య ఉండాల్సిన తూకం వాటిలో తప్పింది. ముడుచుకోమనే ఎండోథెలిన్‌ని అడ్డుకునే మందు ఇస్తే బతికాయి. మూత్రపిండాలు రెండూ నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆ లోపం బయటపడలేదు.

తరవాత మరికొన్ని వచ్చాయి. వైమెంటిన్ లేని ఎలుకల్లో గాయాలు సరిగా మానవని బియాటె ఎక్కెస్ బృందం 2000లో చూపించింది. గాయం దగ్గరికి పాకి వెళ్ళి దాన్ని దగ్గరికి లాగి మూసే కణాలు వీటిలో బలహీనం. గాయం తగలని ఎలుకలో ఆ బలహీనత ఎవరికి కనిపిస్తుంది?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కెరాటిన్ 8 అనేది కాలేయం, పేగుల కణాలలో ఉంటుంది. ఒక జాతి ఎలుకల్లో దాని జన్యువు తీసేస్తే పిండాలు చాలా వరకు తల్లి కడుపులోనే పోయాయి. అది 1993 నాటి మాట. మరుసటి ఏడు అదే బృందం అదే జన్యువుని వేరే జాతి ఎలుకల్లో లేకుండా చేస్తే చాలా పిల్లలు బతికి పెద్దవయ్యాయి. కాకపోతే పెద్దపేగులో వాపు వచ్చింది. తీసేసింది ఒకటే. ఎవరింట్లోంచి తీసేశామన్నది తేడా. ఒక జాతికి అది ప్రాణం, ఇంకో జాతికి దీర్ఘకాలపు జబ్బు. "దీని పని ఏమిటి?" అన్న ప్రశ్నకి ఆ ప్రోటీన్‌ని మాత్రమే చూసి చెప్పగలిగే జవాబు లేదు.

నన్ను బాగా గుచ్చుకున్నది మాత్రం 1994 పేపరు శీర్షికలో ఉన్న ఒక చిన్న మాట. ఎలుకల్లో ఏ తేడా లేదని వాళ్ళు అనలేదు. కొట్టొచ్చినట్టు కనిపించే తేడా లేదన్నారు. ఆ "కొట్టొచ్చినట్టు" అన్న ఒక్క మాటలో వాళ్ళ నిజాయితీ అంతా ఉంది. దానివల్లే తరవాతివాళ్ళు వచ్చి ఇంకో రకంగా వెతికారు. నా గడిలో ఆ మాట లేదు. "నేను చూసే చోట, మామూలు రోజుల్లో, కొట్టొచ్చినట్టు ఏమీ ఆగదు" అని రాసి ఉండాల్సింది. రాసుంటే ఆ వాక్యం నన్నే నిలదీసేది. "ఏమీ ఆగదు" అని కురచగా రాసేసరికి అది నిజంలాగా కనబడింది.

*

ఇక్కడ ఆగిపోతే ఇది తేలికైన వ్యాసమవుతుంది. లోకంలో దేన్నీ తీసెయ్యొద్దు, అన్నిటికీ ఏదో ఒక గుప్త ప్రయోజనం ఉంటుంది అని ముగించొచ్చు. కానీ ఈ వాదన ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పొద్దున్నే వస్తుంది. పెద్దలు ఊరికే పెట్టలేదు, దాని వెనక సైన్సు ఉంది, మీకు తెలీనంత మాత్రాన లేదనుకోకండి అని. ముట్టు రోజుల్లో ఆడవాళ్ళని బయట కూర్చోబెట్టడానికీ ఇదే వాదన, ఎవరి గ్లాసు వాళ్ళకి వేరుగా పెట్టడానికీ ఇదే వాదన. తీసేస్తే ఏం కాదు అని చూపించినా, "ఇప్పుడు కాదులే, ముందు ముందు తెలుస్తుంది" అంటారు. ఏ రోజు తెలుస్తుందో మాత్రం ఎప్పటికీ చెప్పరు.

ఈ చిక్కుకి కూడా దారి ఆ ప్రోటీన్ల దగ్గరే దొరికింది.

ఆస్ట్రోసైట్లలో ఉండే జీఎఫ్ఏపీని తీసేసిన ఎలుకలు కూడా దాదాపు మామూలుగానే బతికాయి. అదే జీఎఫ్ఏపీలో తప్పు మార్పు జరిగితే మనుషుల్లో ఏమవుతుందో 2001లో మైకేల్ బ్రెనర్ బృందం తేల్చింది. అలెగ్జాండర్ వ్యాధి వస్తుంది. ఆస్ట్రోసైట్లలో ఆ ప్రోటీన్ గడ్డలు కడుతుంది, మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతింటుంది. పసివయసులో మొదలైతే చాలామంది పిల్లలు దక్కరు. లేకపోతే పెద్ద నష్టం కనబడనిది, వంకరగా ఉంటే ప్రాణం తీస్తోంది. ఈ జబ్బుకి ఆ ప్రోటీన్ తయారీనే తగ్గించే మందుల కోసం పరిశోధన జరుగుతోంది. అంటే ఇక్కడ వైద్యమే తీసెయ్యడం.

కాబట్టి ఏదైనా ఉంది గనక ఉండనివ్వండి అనే హక్కు ఈ శాస్త్రం ఎవరికీ ఇవ్వడం లేదు. అడగమంటున్నది వేరే ప్రశ్న. ఏ బరువు కింద పరీక్షించారు? టెర్జీ బృందం "వైమెంటిన్‌లో ఏదో మహత్తు ఉంది, మనకి తెలీదు" అనలేదు. మూడొంతుల మూత్రపిండం తీసేస్తే ఏమవుతుందో చూశారు. బరువు ఏమిటో చెప్పారు, లెక్క చెప్పారు, ఎవరైనా మళ్ళీ చేసి చూసుకోవచ్చు. గుప్త ప్రయోజనం ఉందనేవాళ్ళు అది బయటపడే రోజేదో చెప్పాలి. ప్రయోజనం లేదనేవాళ్ళు తాము చూసిన రోజులెలాంటివో చెప్పాలి. తాతయ్యని "ఈ తాళ్ళెందుకు?" అని అడిగితే "నవంబరు గాలికి" అని చెప్పగలిగేవారు. ముట్టుగది సమర్థించేవాళ్ళ దగ్గర అలాంటి నవంబరు లేదు. పైగా ఆ ఆచారం కింద నలిగే మనిషి బరువు రోజూ కళ్ళెదుటే ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. నా గడి రాసేటప్పుడు నేనూ అంతే, ఏ రోజుల్ని చూశానో చెప్పలేదు. వాళ్ళూ నేనూ రెండు వైపుల నుంచి ఒకే తప్పు చేస్తున్నాం.

*

ఇంతవరకూ బాగానే ఉంది. నా తప్పు కొలతలో తప్పు, తుఫాను రోజుని లెక్కలోకి తీసుకోలేదు, అంతే. ఇలా అనుకుని కొన్నాళ్ళు ఊరట పడ్డాను. మంచి కొలబద్ద ఉంటే సరిపోయేది అన్నమాట. అది కూడా నిలవలేదు.

చెల్లెలు ఊరెళ్ళేముందు ఇంకో జబ్బు గురించి చెప్పింది. ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా సింప్లెక్స్. మన చర్మంలో అట్టడుగు పొర కణాలకి కెరాటిన్ 5, కెరాటిన్ 14 అనే జంట బలాన్నిస్తుంది. 1991లో షికాగోలో ఎలేన్ ఫుక్స్ బృందం చెడిపోయిన కెరాటిన్ 14 ఉన్న ఎలుకలని పుట్టించింది. వాటి చర్మం బొబ్బలెక్కింది. ఇది మనుషుల్లో ఉన్న జబ్బులాగే ఉందే అని ఆ జబ్బున్నవాళ్ళ జన్యువు చూస్తే, కెరాటిన్ 14లో 125వ స్థానంలో ఉండాల్సిన ఆర్జినిన్ బదులు ఇంకో అమైనో ఆమ్లం ఉంది. తేడా అంతే. దాని ఫలితంగా చిన్న రాపిడికే కణాలు చిట్లిపోతాయి, ఆ ఖాళీలో నీరు చేరి బొబ్బ వస్తుంది. పసిబిడ్డ పాకితే మోకాళ్ళ మీద బొబ్బలు. చెప్పు పట్టీ దగ్గర బొబ్బలు. ఎండాకాలం, చెమట పట్టే రోజుల్లో ఇంకా ఎక్కువ. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. సూదితో నీరు తీసి, కట్టు కట్టి, రాపిడి తగలకుండా చూసుకోవడమే.

మొదట నేను దీన్ని నా వాదనకి ఇంకో ఉదాహరణగానే విన్నాను. చర్మానికి ప్రతి రోజూ తుఫానే, అందుకే అక్కడ లోపం వెంటనే బయటపడింది, చూశారా అని. కానీ ఆ తరవాత ఆ బిడ్డని మోకాళ్ళకి కట్లతో ఊహించుకున్నాను. ఈ బిడ్డని నా షీట్‌లో ఏ గడిలో పెడతాను? ఏ బరువూ మొయ్యలేని బిడ్డ. మామూలు రోజు కూడా తట్టుకోలేని బిడ్డ. గుప్త ప్రయోజనం, తుఫాను రోజు లెక్కలు ఇక్కడేం పనికొస్తాయి? ఆ ఇంట్లో తల్లి సూది కాల్చుకుని, బొబ్బ కింది అంచు దగ్గర గుచ్చి, ఊదుకుంటూ కట్టు కడుతుంటే, ఈ బిడ్డ ఏదో ఒక రోజు దేనికో పనికొస్తుందన్న లెక్కతో కడుతోందా?

ప్రోటీన్ గురించి "నువ్వు దేనికి?" అని అడగొచ్చు. అలా అడగకపోతే అసలు శాస్త్రమే లేదు. మనుషుల మధ్య ఆ ప్రశ్నకి చోటు లేకుండా పోదు. జీతం ఇచ్చేచోట, పని పంచుకునేచోట అడగాల్సిందే, నాకా భ్రమ లేదు. కానీ ఆ ప్రశ్న అడిగి, జవాబు రాసి, ఆ జవాబే మనిషి అనుకోవడం వేరు. పెద్దాయన విలువ నేను తక్కువ కొలిచానని బాధపడుతూ, ఇంకా బాగా కొలిస్తే సరిపోయేదనుకుంటున్నానే, ఆ బాధ కూడా షీట్ లోపలి బాధే. ప్రయోజనం దాగి ఉందని చెప్పి ఒక మనిషిని కాపాడటం, మర్యాదగా కనబడే అవమానం. ఆ ప్రయోజనం ఏ రోజూ బయటపడకపోతే? అప్పుడు తీసెయ్యొచ్చా?

*

ఆయన వెళ్ళిన ఎనిమిదో నెలలో మాకూ నవంబరు వచ్చింది. ఒక రాత్రి నెట్‌వర్కు తడబడి, ఒకే చెల్లింపు రిక్వెస్టు రెండేసిసార్లు రావడం మొదలైంది. మూడు రాత్రులు నిద్రల్లేవు. ఆయనుంటే ఇది జరిగేది కాదని నేను అనను. ఉన్నా జరిగేదేమో, ఆయన ప్రశ్న వేసేవారేమో, మేం ల్యాప్‌టాప్‌లు మూసేవాళ్ళమేమో. ఒక మనిషి లేని సంవత్సరాన్ని ఆ మనిషితో మళ్ళీ నడిపి చూసే ల్యాబు ఎవరి దగ్గరా లేదు.

మూడో రాత్రి ఆయనకి ఫోన్ చేశాను. పదకొండు దాటింది. ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా విన్నారు. పావుగంటలో ఎక్కడ చూడాలో చెప్పారు. నేను థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే, "దీనికోసమేనా చేశావు? ఎలా ఉన్నానో అడగడానికేమో అనుకున్నా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలల్లో నేను ఆయనకి చేసిన మొదటి ఫోన్ అది. గడిలో "ఏమీ ఆగదు" అని రాసిన రోజున ఎక్కడున్నానో, ఆయన పనితనం మీద భక్తితో ఫోన్ చేసిన ఆ రాత్రి కూడా సరిగ్గా అక్కడే ఉన్నాను. అప్పుడు అక్కర్లేదు గనక పంపించాను, ఇప్పుడు అక్కరొచ్చింది గనక పిలిచాను.

ఈ ఏడు జనవరిలో మళ్ళీ షీట్ వచ్చింది. ఈసారి తొమ్మిది పేర్లు, ఒకటి ఇవ్వాలి. ఇవ్వనని చెప్పి ఉద్యోగం మానేసుంటే ఈ వ్యాసానికి మంచి ముగింపు ఉండేది. ఇంటి లోన్ ఉంది, మానలేదు. గడుల్లో "ఏమీ ఆగదు" అని ఎక్కడా రాయలేదు. ఎవరెవరు ఏ రోజున దేనికి నిలబడతారో నాకు తెలిసినంత రాశాను, తెలీనిచోట తెలీదని రాశాను. మా మేనేజర్ "ఇంత అక్కర్లేదు, ఒక్క పేరు చెప్పు చాలు" అన్నాడు. చెప్పాను.

పోయినసారి ఆ కబురు చెప్పే పని హెచ్ఆర్ వాళ్ళకి వదిలేశాను. ఈసారి ఆ అబ్బాయి సీటు దగ్గరికి కుర్చీ లాక్కుని నేనే కూర్చున్నాను. పేరు ఇచ్చింది నేనేనని చెప్పాను. అతను చాలాసేపు స్క్రీన్ వంకే చూశాడు. తరవాత, వచ్చే నెలలో చెల్లెలి పెళ్ళని చెప్పాడు. నేను లేచి వెళ్ళిపోకుండా ఆ పెళ్ళి సంగతులన్నీ విన్నాను. దానివల్ల అతనికేమీ ఒరగలేదు. అది నాకు తెలుసు.